అమ్మకు ఈసీటీ అన్నారు, మామయ్య వద్దంటున్నాడు. చేయించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి

పెన్నాగట్టు:

మాది నెల్లూరు, మూలాపేట. రైసు మిల్లులో లెక్కలు రాస్తాను. అమ్మా నాన్నా బుచ్చిరెడ్డిపాళెం పక్కన పల్లెలో ఉంటారు. అమ్మకు 57 ఏళ్లు. రెండున్నరేళ్లుగా డిప్రెషన్. ఆ మాట మా నోట రావడానికే ఏడాది పట్టింది. నీరసమన్నాం, థైరాయిడ్ అన్నాం, దిష్టి అన్నాం. పరీక్షల కాగితాలతో ఒక సంచి నిండింది.

అమ్మ ఎలాంటి మనిషో చెబితేగాని ఇప్పుడు ఎలా ఉందో మీకు తెలియదు. కళ్లంలో వడ్లు ఆరబోస్తే ఒక గింజ పంటి కింద పెట్టి కొరికి, "ఇంకో ఎండ తగలాలి" అనేది. మిల్లులో మేము మీటరు పెట్టి 17 శాతం తేమ అని తేల్చేది, అమ్మ గింజ విరిగిన చప్పుడుతో చెప్పేసేది. ఇప్పుడు అదే నోటికి అన్నం ముద్ద అందిస్తే నమలకుండా బుగ్గన పెట్టుకుని గోడవైపు చూస్తూ కూర్చుంటుంది. పది నిమిషాలు చూసి నాన్నే వేలు పెట్టి ఆ ముద్ద తీసేస్తాడు. 11 కిలోలు తగ్గింది. తెల్లవారుజామున మూడింటికి లేచి, తన పాపం వల్లే పొలం పోయిందని నాన్న కాళ్లు పట్టుకుంటుంది. పొలం ఎక్కడికీ పోలేదు. కౌలుకిచ్చాం, అంతే. పాసుపుస్తకం తెచ్చి చూపించాను. "ఇది దొంగ పుస్తకం" అంది.

రెండు వేర్వేరు మందులు, ఒక్కొక్కటీ పూర్తి మోతాదులో రెండేసి నెలలు వాడాం. తర్వాత లిథియం కలిపారు. రెండు మందులకు లొంగకపోతే దాన్ని మొండి డిప్రెషన్ కింద లెక్కిస్తారట. పోయిన వారం డాక్టరు గారు, "ఇక ఆలస్యం వద్దు, ఈసీటీ చేద్దాం" అన్నారు. అంటే తలకు కరెంటు పెట్టడం అని అర్థం కాగానే నాన్న లేచి బయటికి వెళ్లిపోయాడు.

మామయ్య గూడూరులో ఉంటాడు, అమ్మకు తమ్ముడు. "అక్కను మంచానికి కట్టేసి షాకులు ఇప్పిస్తారా?" అని ఫోనులో అరిచాడు. మరునాటి నుంచి వీడియోలు పంపుతున్నాడు. చెన్నైలో అయస్కాంతంతో చేస్తారట. మత్తు ఉండదు, మరుపు ఉండదు అంటాడు. నిన్నటి వీడియోలో మెదడు లోపలికే తీగ దించి ఛాతీలో బ్యాటరీ అమర్చారు. అదీ అడిగి చూడమంటాడు.

నేను అడిగేది ఇది. ఈసీటీ తర్వాత మనుషులను మరిచిపోతారా? అమ్మ నన్ను గుర్తుపట్టకపోతే? అమ్మలాంటి వాళ్లకు అయస్కాంతం పనిచేస్తుందా? వెతికి చదివిన మాట కాదు, స్వయంగా అనుభవించినవాళ్ల మాట కావాలి.

ఒంగోలు లెక్కల టీచర్:

అయస్కాంతం నాకు పెట్టారు కాబట్టి ఆ సగం నేను చెబుతాను. దాన్ని ఆర్‌టీఎంఎస్ అంటారు. వేసవి సెలవుల్లో చెన్నైలో చేయించుకున్నాను. వారానికి 5 రోజులు, 6 వారాలు, మొత్తం 30 విడతలు. ఒంగోలు నుంచి రోజూ తిరగలేం కదా, ఆసుపత్రికి నాలుగు వీధుల అవతల గది తీసుకుని, వంటకు తోడుగా మా అమ్మను తీసుకెళ్లాను. చికిత్స ఖర్చు ఒక ఎత్తు, ఆ గది అద్దె ఒక ఎత్తు. మీ లెక్కలో అది కూడా వేసుకోండి.

మొదటి రోజు టెక్నీషియన్ నా తలమీద ఒక తీగచుట్టను అటూ ఇటూ జరుపుతూ, తలను కాదు, నా కుడిచేతి బొటనవేలిని చూస్తూ ఉన్నాడు. ఒకచోట తగలగానే వేలు టక్కున ఎగిరింది. నేను కదపలేదు. ఎంత బలానికి వేలు ఎగురుతుందో చూసి దాన్ని బట్టి నా మోతాదు కట్టారు. తర్వాత చుట్టను కొంచెం ముందుకు జరిపి ఎడమ నుదుటి పైభాగాన ఆనించారు. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంథోనీ బార్కర్ బృందం ఈ పద్ధతిని మొదట చూపించినప్పుడు కదిలిందీ చేతి కండరమేనట. డిప్రెషన్‌కు వాడుకోవడానికి అమెరికాలో అనుమతి 2008లో వచ్చింది.

వడ్రంగిపిట్ట పొడిచినట్టు ఉంటుంది. 4 సెకన్లలో 40 దెబ్బలు, 26 సెకన్ల నిశ్శబ్దం. ఇలా 75 సార్లు, అంటే 3000 దెబ్బలు, ముప్పై ఏడున్నర నిమిషాలు. ఎలా తెలుసంటారా? రోజూ లెక్కపెట్టాను. తలలో ఇంకేమీ లేదు, అంకెలు తప్ప. నాలుగో వారంలో ఒకరోజు 31 దగ్గర లెక్క తప్పిపోయింది. ఒంగోలులో మేడమీది కనకాంబరాల కుండీలకు పక్కింటివాళ్లు నీళ్లు పోస్తున్నారో లేదో అని ఆలోచిస్తూ ఉండిపోయాను. రెండేళ్లలో నాకు మొక్కలు గుర్తుకు రావడం అదే మొదలు. కుర్చీలో కూర్చుని ఏడిస్తే, ఆ అబ్బాయి నొప్పి అనుకుని యంత్రం ఆపేశాడు!

మత్తు లేదు, మరుపు రాలేదు, నిజమే. మొదటి వారం తలనొప్పి వచ్చింది. తలలో లోహపు క్లిప్పులు, చెవిలో అమర్చిన యంత్రం ఉన్నవాళ్లకు పెట్టరు. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే చాలా ఆలోచిస్తారు.

కానీ చెల్లీ, నేను ఆ రోజుల్లో తింటూ, నడుస్తూ, హాజరు పట్టీలో సంతకం పెడుతూ ఉన్న మనిషిని. నాకు తేడా తెలిసింది నాలుగో వారంలో. ముద్ద మింగని మనిషి నాలుగు వారాలు ఆగగలదా? తిండి మానేసినవాళ్లకు, లేని నష్టాన్ని ఉన్నట్టు నమ్మేవాళ్లకు ముందు ఈసీటీనే ఆలోచిస్తామని నా డాక్టరే చెప్పారు. రోజుకు 10 చొప్పున 5 రోజుల్లో 50 విడతలు ముగించే పద్ధతికి 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. మామయ్య గారు ఆ వీడియో కూడా పంపుతారు, చూడండి. దొంగ పాసుపుస్తకం మాట విన్నాక నేనైతే దానికోసం ఎదురుచూడమని చెప్పలేను.

ఉప్పుటేరు:

మా బంధువు ఒకాయనకు కరెంటు పెట్టించారు. తర్వాత మనిషి మొద్దుబారిపోయాడు. మెదడుతో ఆటలు వద్దు. యోగా, మంచి ఆహారం, నలుగురిలో తిప్పడం చేయండి. మనసు గట్టిగా ఉంటే ఏ జబ్బూ ఉండదు.

బ్యారన్ మనిషి:

ఉప్పుటేరు గారూ, నా మనసు గట్టిదే. రెండు పొగాకు బ్యారన్లు (ఆకును సెగతో ఆరబెట్టే కొట్లు), ముగ్గురు ఆడపిల్లల పెళ్లిళ్లు, మూడు తుపాన్లు దాన్నేమీ చేయలేదు. అయినా పడిపోయింది. నలుగురిలో తిప్పండి అంటారు. నన్ను తిప్పారు. పెళ్లికి తీసుకెళ్తే పందిట్లో కుర్చీలో కూర్చోబెట్టిన చోటే సాయంత్రం దాకా ఉన్నాను. ఎవరో గొడుగు మరిచిపోయినట్టు.

అమ్మా పెన్నాగట్టూ, నాకు 61. కొండపి దగ్గర పల్లె. 2019లో 9 సార్లు పెట్టించుకున్నాను. సోమ, బుధ, శుక్రవారాలు, మూడు వారాలు.

అంతకుముందు ఎలా ఉన్నానో ఒక్క రాత్రి చెబుతాను. బ్యారన్ కాల్చేటప్పుడు రాత్రంతా లేచి లేచి థర్మామీటర్ చూడాలి. ఆకు పసుపు తిరిగేదాకా సన్నని సెగ, తర్వాత కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయి ఈనె ఆరే వేళకు 160 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తేవాలి. పాతికేళ్లు వచ్చాక ఇక థర్మామీటర్ కూడా అక్కర్లేదు, వాసన చాలు. ఆ జనవరిలో టార్చిలైటు వేసి కిటికీలోంచి అంకె చదివాను. స్పష్టంగా కనిపించింది. ఇప్పుడు కట్టె వేయాలా, పైన గాలి తలుపు తీయాలా అన్నది మాత్రం తెలియలేదు. మళ్లీ చదివాను. తెల్లారేదాకా ఆ అంకె ముందే నిలబడ్డాను, టార్చి బ్యాటరీలు అయిపోయాయి. ఒక బ్యారన్ ఆకు మొత్తం నల్లబడింది. నష్టం గురించి బాధ కూడా కలగలేదు, అదీ అసలు జబ్బు.

ఇక మీ ప్రశ్న. మరుపు వస్తుంది. రాదని చెప్పేవాణ్ణి నమ్మకండి. మా ఇంటి బీరువాలో ఆ ఏప్రిల్‌ది వేలం కేంద్రం కాగితం ఉంది. బేళ్లు ఎన్ని, ఏ గ్రేడు ఎంత పలికింది, అన్నీ రాసి ఉన్నాయి. కింద సంతకం నాదే, పొల్లు కూడా నేను పెట్టినట్టే ఉంది. నేను అక్కడికి వెళ్లిన సంగతి ఈరోజుకీ గుర్తులేదు. వేలం తర్వాత పది రోజులకే మొదటి విడత జరిగింది. ఆ ముందు రెండు నెలలు, చికిత్స జరిగిన మూడు వారాలు చిరిగిన గోనెసంచిలా ఉంటాయి, అక్కడక్కడా గింజ. మనవరాలి చెవులు కుట్టించిన రోజు కూడా పోయింది. ఫొటోలో పక్కన నిలబడ్డది నేనే, చూపు ఎటో ఉంది. చికిత్స మింగేసిందా, ఆ రోజు నేను అసలు అక్కడ లేనా? ఫొటో చూస్తే రెండోదే అనిపిస్తుంది.

మనుషులను మరవలేదు. మత్తు దిగిన కాసేపు మా ఆవిడను "నువ్వెప్పుడు వచ్చావు?" అని మూడుసార్లు అడిగానట. అరగంటకు సర్దుకుంది. మీ అమ్మ మిమ్మల్ని మరవదు, పిచ్చి తల్లీ. నిన్న మీరు వచ్చి వెళ్లిన సంగతి మరవవచ్చు. అప్పుడు చిన్నబుచ్చుకోకండి.

ఆరోది అయ్యాక ఇంటికి వస్తూ టంగుటూరులో బస్సు ఎంతకీ కదలకపోతే డ్రైవరు మీద గట్టిగా అరిచాను. మా ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. బస్సంతా మా వైపే చూసింది. నాకు కోపం వచ్చి ఏడాదిన్నర అయిందని ఆ బస్సులో ఆవిడకొక్కదానికే తెలుసు.

ఇంకో మాట, ఇది నా తెలివితక్కువ. బాగైంది కదా అని సంక్రాంతికి మాత్రలు ఆపేశాను. ఉగాదికి మళ్లీ మంచం. డాక్టరు తిట్టి, 2001లో వచ్చిన ఒక అధ్యయనం సంగతి చెప్పారు. ఈసీటీతో బాగైనవాళ్లలో మందు లేకుండా ఉన్నవారికి ఆరు నెలల్లో నూటికి 84 మందికి తిరగబెట్టింది. నార్‌ట్రిప్టిలిన్, లిథియం కలిపి వాడినవారిలో 39 మందికి. 39 కూడా తక్కువేమీ కాదు. కరెంటు బండిని గుంటలోంచి లేపుతుంది, తోలడం మందు పని. రెండోసారి పెట్టించుకున్నాక నెలకొకటి చొప్పున ఆరు నెలలు వెళ్లాను. ఇప్పుడు లిథియం, దానికోసం రక్తపరీక్షలు. విసుగే. ఆ విసుగు పడుతున్నాను.

పొలం మందుల డబ్బాలు ఇంట్లో ఉంటే ఈ రాత్రే తాళం వేయించండి. తాళం చెవి నాన్న మొలతాడుకు కట్టుకోవాలి. పాపం, పాపం అనే మనిషిని ఒంటరిగా ఉంచకూడదు.

థియేటర్ సిస్టర్:

నేను కావలిలో ఉంటాను. ఈసీటీ గదిలో పదకొండేళ్లు మత్తు డాక్టర్ల పక్కన పనిచేశాను. మామయ్య గారికి కోపగించుకోకుండా చెప్పండి, ఆయన భయం గాలిలోంచి పుట్టలేదు. 1938లో రోమ్‌లో చెర్లెట్టి, బీనీ మొదలుపెట్టినప్పుడు మత్తు లేదు. ఒళ్లంతా ఎగిరిపడి ఎముకలు విరిగిన రోజులు ఉన్నాయి. సినిమాలు అక్కడే ఆగిపోయాయి. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా ఈసీటీ చేయడం నిషేధం.

గదిలో జరిగేది ఇది. సెలైన్ సూదిలోంచి మత్తు ఇస్తారు, నిమిషంలోపే నిద్ర. కండరాల మందు ఇచ్చే ముందు నేను ఒక పాదం పైన బీపీ పట్టీ చుట్టి గాలి బిగిస్తాను. మందు రక్తంలో ఆ పాదంలోకి దిగకుండా అన్నమాట. ఒళ్లంతా సడలిపోతుంది, ఆ పాదం తప్ప. పళ్ల మధ్య రబ్బరు దిమ్మ పెట్టి, ఆక్సిజన్ ఇస్తూ, కొన్ని సెకన్లు కరెంటు. అప్పుడు గదిలో అందరి చూపూ ఆ ఒక్క బొటనవేలి మీదే ఉంటుంది. అది సన్నగా అదురుతూ ఉంటుంది, నేను గడియారం చూసి పైకి లెక్కపెడతాను. ముప్పై, నలభై సెకన్లకు ఆగిపోతుంది. మెదడులో వచ్చిన మూర్ఛ బయటికి కనిపించేది అంతే. చికిత్స చేసేది ఆ మూర్ఛే. పావుగంటలో కళ్లు తెరుస్తారు. తలనొప్పి, దవడ నొప్పి, కొంత తికమక ఉంటాయి. కట్టేయడానికి అక్కడ తాళ్లు ఉండవు.

మరుపు గురించి పెద్దాయన చెప్పింది నేను రోజూ చూసిందే. డాక్టరును ఒక ప్రశ్న అడగండి: తలకు రెండువైపులా పెడతారా, కుడివైపు ఒక్కటేనా? కుడివైపు పద్ధతిలో మరుపు తక్కువ. త్వరగా తేరుకోవాల్సిన వాళ్లకు రెండువైపులా పెట్టడమూ ఉంది. మీ అమ్మగారి విషయంలో వాళ్లు ఏది ఎంచుకున్నారో, ఎందుకో విని తెలుసుకోండి.

మెదడు లోపల తీగ వీడియో గురించి. 2005లో టొరంటోలో హెలెన్ మేబర్గ్ బృందం ఆరుగురికి అలా అమరిస్తే నలుగురిలో గుణం ఆరు నెలలకూ నిలిచింది. ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది. తర్వాత ఎక్కువమందితో చేసిన పరీక్షలో కరెంటు పారించినవాళ్లకూ, తీగ పెట్టి కరెంటు ఆపి ఉంచినవాళ్లకూ ఆరు నెలల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించక దాన్ని మధ్యలోనే ఆపేశారు. పరిశోధన ఇంకా సాగుతోంది. పుర్రెకు రంధ్రం వేసే ఆపరేషన్ అది. ఈసీటీకి భయపడి దాని వైపు వెళ్లడం ఏమిటో నాకు అర్థం కాదు.

వెళ్లే ముందు: ఆరు గంటల ముందు నుంచి ఆహారం వద్దు. ముందు రోజు తలస్నానం చేయించి, నూనె రాయకుండా ఆరబెట్టండి, నూనె ఉంటే తలమీది పట్టీలు సరిగా అంటవు. కట్టుడుపళ్లు, గాజులు, చెవికమ్మలు, ముక్కుపుడక తీసేయాలి. ఈలోగా రాత్రివేళ చేయి దాటిపోతుందనిపిస్తే 14416కు ఫోను చేయండి. ప్రభుత్వ టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు. మాటతో ఆగేలా లేకపోతే నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్లండి.

పెన్నాగట్టు:

నాలుగు రోజులు జవాబు రాయలేకపోయాను, క్షమించండి. అన్నీ నాన్నకు చదివి వినిపించాను. బ్యారన్ గారి రాత్రి మళ్లీ చదవమన్నాడు. లేచి వెళ్లి పశువుల కొట్టంలో ఉన్న రెండు డబ్బాలు తెచ్చి పెట్టెలో పెట్టి తాళం వేశాడు. తాళం చెవి మొలతాడుకే.

డాక్టరు అమ్మతో విడిగా అరగంట మాట్లాడారు, మరునాడు మళ్లీ. "పెట్టుకోండి, ఎటూ పొలం రాదు" అని సంతకం చేసింది. ఆ మాటతో చేసిన సంతకం చెల్లుతుందా అని అడిగాను. అదే అనుమానం వాళ్లకూ వచ్చిందట, అందుకే అమ్మ తరఫున నిలిచే నామినీగా నాన్నకు కూడా అంతా వివరించి ఆయన సంతకం కూడా తీసుకున్నారు. రెండువైపులా పెడతారట, తిండి విషయం తొందరపెడుతోంది కాబట్టి. సోమవారం మొదటిది. మామయ్య ఇంకా అలిగే ఉన్నాడు, అయినా ఆదివారం రాత్రికి వస్తానన్నాడు.

ఒక్క చిక్కు మిగిలింది. ముక్కుపుడక పెళ్లినాటిది, 38 ఏళ్లుగా తీయలేదు. మర బిగుసుకుపోయింది. సబ్బునీళ్లతో తిప్పితే అమ్మ నొప్పికి నా చేయి పట్టుకుని తోసేసింది. చాలా రోజుల తర్వాత అమ్మ చేతిలో బలం తెలిసింది. రేపు కంసాలి ఇంటికే వస్తున్నాడు. మూడు వారాల్లో ముక్కు పూడిపోతుందేమోనని నాన్న దిగులు.

థియేటర్ సిస్టర్:

పూడదు. తీసిన వెంటనే సన్నని వేపపుల్ల గీకి పెట్టండి. చికిత్స ఉన్న రోజు పొద్దున మాత్రం గుర్తుపెట్టుకుని తీసేయండి, మళ్లీ ఇంటికి వచ్చాక పెట్టవచ్చు.